తట్టితే తిరిగిన మోటారు

అమ్మకు,

పెద్దోడు నమస్కరించి రాసేది. ఇక్కడ ఇద్దరం ప్రాణాలతో ఉన్నాం, నువ్వు ఒంట్లో బాగున్నావనే అనుకుంటున్నాను. ఎప్పుడూ క్షేమం అని రాసేవాడు ఈసారి ఇలా మొదలుపెట్టాడేమిటని అడుగుతావు. ఆ మాట రాయబోతే చెయ్యి సాగలేదు.

నీ ఉత్తరం శనివారం అందింది. ఎప్పటిలాగే తమ్ముడే పైకి చదివాడు, అచ్చం నీ గొంతు పెట్టి. నన్ను తిట్టిన చోట రెండుసార్లు చదివాడు. "ఒరే పెద్దోడా, చలికి మెడకేమైనా చుట్టుకుంటున్నావా, నీ కోపమే నీకు సరిపోతోందా" అన్న చోట పక్క మంచాలవాళ్ళు కూడా నవ్వారు. పక్క మంచాలంటే ఆసుపత్రివమ్మా. తమ్ముడు అక్కడ చేరి పద్దెనిమిది రోజులైంది. ప్రాణానికి ఏ భయమూ లేదు. ముందు అది మనసులో పెట్టుకుని మిగతాది చదువు.

వాడి టాక్సీ వంతెన గోడను గుద్దింది. కారులో ఇంకెవరూ లేరు. వాడి కుడి మోకాలు నుజ్జయింది. కర్ర పట్టుకుని నడుస్తాడు గానీ ఆ కాలితో బ్రేకు తొక్కడం ఇక ఈ జన్మలో కుదరదని డాక్టరమ్మ చెప్పేసింది. వాడు సరేనండీ అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. స్టీరింగు తప్ప వాడికి ఇంకో పని రాదని నీకు నేను చెప్పాలా?

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. మెడకు మఫ్లరు చుట్టుకుంటున్నాను. గది కప్పు కారడం ఆగింది. మెకానిక్ షెడ్డు ఓనరు ఎప్పటిలాగే అరుస్తాడు, మనిషి మంచివాడే. నాన్న స్క్రూడ్రైవరు, ఆ చెక్క పిడిది, ఇంకా వాడుతున్నావా అని అడిగావు. వాడాను. దాని గురించే చెప్పాలి.

ప్రమాదం సోమవారం పొద్దున, వానలో జరిగింది. ముందురోజు ఆదివారం, నాకు సెలవు. వాడు కారు ఇంటి ముందు ఆపి, హీటరు గాలి రావడం లేదు, అద్దమంతా ఆవిరి పట్టేస్తోంది, కాస్త చూడన్నయ్యా అన్నాడు. తిని పడుకోబోతున్నవాణ్ణి సణుక్కుంటూ లేచాను. ఫ్యూజు బాగానే ఉంది. స్విచ్చు ఒకటి నుంచి నాలుగు దాకా తిప్పాను, ఎక్కడా చలనం లేదు. గాలి వేగం తగ్గించే రెసిస్టరు ఒక్కటే కాలి ఉంటే కనీసం నాలుగులోనైనా ఫ్యాను తిరగాలి. డాష్‌బోర్డు కింద తల దూర్చి మోటారు వైర్ల దగ్గర టెస్ట్ లైటు పెడితే వెలిగింది. కరెంటు వస్తోంది, మోటారే తిరగడం లేదన్నమాట. ఇంత తేల్చేసరికి గంట పట్టింది. వాడు బయట నిలబడి టీ తాగుతూ, "నాన్నయితే ఈపాటికి చెప్పేసేవాడు" అన్నాడు.

సరదాకే అన్నాడు. నాకేమో ముక్కు మీదే కోపం. నాన్న స్క్రూడ్రైవరు తిరగేసి, పిడితో మోటారును రెండు దెబ్బలు తట్టాను. గిర్రున తిరిగింది. వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. "చూశావా? అయిపోయింది, తీసుకెళ్ళు" అన్నాను.

తట్టితే తిరిగే మోటారు గురించి నాన్న అన్నం ముందు కూర్చుని కూడా చెప్పేవాడు, నువ్వు విసుక్కునేదానివి. లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయని దానర్థం. తట్టడం రోగం కనిపెట్టడానికే, నయం చేయడానికి కాదు. ఆ మోటారు మళ్ళీ ఎప్పుడైనా ఆగిపోతుంది, కొత్తది వేసేదాకా వానలో బండి తీయకూడదు. ఇదంతా నాకు తెలియక కాదమ్మా. తెలిసి, వాడి ముందు నెగ్గాలని నోరు మూసుకున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నువ్వు తిట్టేదానివి. ఇప్పుడు నా తమ్ముడికి ఒకటే కాలు మిగిలింది.

ఇంతటితో ఆగినా కొంత నయమే. ఆ కారును లాక్కొచ్చి మా షెడ్డులోనే పడేశారు. అందరికంటే ముందు తలుపు తీసింది నేను. హీటరు స్విచ్చు నాలుగు మీద ఉంది. వాడు వేసుకున్నాడు. నాలుగు దాకా తిప్పి, గాలి రాక, చేత్తో అద్దం తుడుచుకుంటూ వంతెన మలుపులోకి వెళ్ళాడు.

నేను దాన్ని సున్నాకి తిప్పేశాను. ఎందుకంటే ఏం చెప్పను, భయమేసింది. కాసేపటికి ఓనరు వచ్చి తొంగిచూసి, వీడు హీటరే వేయలేదే అన్నాడు. ఆ మాట తమ్ముడి దాకా వెళ్ళింది.

దెబ్బ తగిలాక వాడికి అద్దం తెల్లబడటం ఒక్కటే గుర్తుంది, స్విచ్చు సంగతి గుర్తులేదు. రోజూ కళ్ళు మూసుకుని గుర్తుచేసుకోవడానికి ప్రయత్నిస్తాడు. నిన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు బాగుచేసే ఇచ్చావన్నయ్యా. నేనే వేసుకోలేదు. నీ సెలవు కూడా పాడుచేశాను, ఏమీ అనుకోకు" అన్నాడు. పండు వొలిచి చేతిలో పెట్టి వచ్చేశాను.

రోజూ చెప్పాలనే వెళ్తున్నాను, రోజూ చెప్పకుండానే వస్తున్నాను. చెప్పినా వాడి కాలు రాదు. చెప్పకపోతే వాడు బతికినన్నాళ్ళూ తనను తానే తిట్టుకుంటాడు. ఇది తెలిసి కూడా నా నోరు పెగలడం లేదు, ఇక పెగులుతుందన్న ఆశ కూడా నాకు లేదు.

అందుకే నీ నెత్తిన పడేస్తున్నాను. కవరు వెనక ఆసుపత్రి అడ్రసు రాశాను, జవాబు అక్కడికే, వాడి పేరునే పంపు. ఎప్పటిలాగే వాడే చదువుతాడు, నీ గొంతుతో, పైకి. నేను పక్కనే కూర్చుని ఉంటాను. ఈసారి నా మెడ గురించి అడగకమ్మా. మొదటి వరుసలోనే రాయి, స్విచ్చు నాలుగు మీదే ఉందని.

ఇట్లు,
వాడు ఇంకా అన్నయ్యా అని పిలుస్తున్న
నీ పెద్దోడు