బియ్యం బస్తాలు జరిపి కచేరీ పెట్టారు

పద్మా,

నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్లకి నీ మాట నెగ్గింది. నిన్న ఆదివారం ఈ పరాయి దేశంలో మన ఊరైన ట్రాయ్‌లో, ఛాంబర్ ఆర్కెస్ట్రా అనే ఆ చిన్న వయొలిన్ బృందం మన ఇండియన్ స్టోర్‌కి వచ్చి కచేరీ చేసింది. "ఇరవై మందే కదా, బియ్యం బస్తాలు జరిపితే పడతారు. మావాళ్లు హాల్‌కి రాకపోతే మీరే రండి" అని నువ్వు వాళ్లకి మూడేళ్లపాటు ఈమెయిళ్లు పెడుతుంటే అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

బస్తాలు జరిపినా చోటు చాలలేదు. చెల్లో అనే ఆ నిలువెత్తు వయొలిన్ వాయించే పెద్దాయన పచ్చళ్ల అరకి వీపు ఆనించి కూర్చున్నాడు. ఎవరూ రారేమోనని భయపడి స్టోర్ ఓనర్ రమేశ్ గారు సమోసాలు ఫ్రీ అన్నారు. ఇంకేముంది, జనం తలుపు దాకా నిలబడ్డారు.

వయొలిన్లు ఊపిరి బిగబట్టి వినాల్సినంత మెల్లగా మోగుతున్న సమయంలో వెనకనుంచి ఒకావిడ గట్టిగా అడిగింది.

"ఎక్స్‌క్యూజ్ మీ, కరివేపాకు ఎక్కడ పెట్టారండీ?"

వయొలిన్ అమ్మాయి వాయించడం ఆపకుండానే కళ్లతో ఫ్రిజ్ వైపు చూపించింది. ఎలా అర్థమైందో ఏమో! ఆవిడ కరివేపాకు తీసుకుని, చివరిదాకా అక్కడే నిలబడి వింది.

అంతా అయ్యాక ఆర్కెస్ట్రా మేనేజర్ మైక్ అందుకుని, "మమ్మల్ని ఇక్కడికి రప్పించిన పద్మ ఎక్కడున్నారు?" అని ఇంగ్లీషులో అడిగింది. పాపం, నిన్ను ఎన్నడూ చూడలేదు, సంగతి తెలియదు. అందరూ చప్పట్లు మొదలుపెట్టారు. మీ ఆయన తల వంచుకున్నారు. ఆమెకి నిజం చెప్తే ఆ చప్పట్లు ఆగిపోతాయి.

చెయ్యెత్తాను.

మీ ఆయన తలెత్తి నన్ను చూశారు. తర్వాత అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

శారద