ముందు మోటరు బందు

నవనీతా, మీ అన్న దేవేందర్ చెయ్యి దక్కింది బిడ్డా, అయిదు వేళ్లూ కదులుతున్నాయి. మంగళవారం మరమగ్గం బెల్టు వాడి చేతిని మోచేయి దాకా లాక్కుంది. నెత్తురు నా ముఖం మీద చిమ్మింది. నేను వాడి నడుము పట్టి గుంజుతుంటే, పక్క మగ్గం రాజేశం నన్ను రొమ్ము మీద తన్ని పడేశాడు.

"గుంజకు అన్నా, చెయ్యి ఊడొస్తది. నీ బిడ్డ రాసి గోడకు అంటిచ్చిన కాగితం సదువలేదా? ముందుగాల మోటరు బందు, ఎనక బెల్టు కొయ్యుడు" అని అట్లాగే చేశాడు.

నువ్వు రాసిన ఆ రెండు ముక్కలకు వెయ్యి దండాలు తల్లీ. జగిత్యాల పెద్దమ్మకు, కోరుట్ల మేనమామకు, వేములవాడ చిన్నాయనకు ఈ కబురు చెప్పు. ఎల్లారెడ్డిపేట సత్తవ్వ అత్తకు మాత్రం మెల్లగా చెప్పు. ఆ కాగితం లేని పోయినేడు, బెల్టులో చిక్కిన ఆమె కొడుకును మేమందరం కలిసి గుంజి చంపుకున్నాం.