వెనక్కి జరిగిన సీటు

కోరుట్ల,
ఆదివారం.

నా బిడ్డ ఇంద్రజకు,

అత్తమ్మ దీవించి రాయునది. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని అలవాటుగా రాయబోయి కలం ఆపుకున్నాను. ఆ మాట పోయాక ఏం రాయాలో మన పెద్దవాళ్ళు చెప్పిపోలేదు. అందుకే బిడ్డ అని రాస్తున్నాను, దాన్ని ఏ దేవుడూ తీసెయ్యలేడు. ఇక్కడ నేనూ మీ మామయ్యా క్షేమం. కోయంబత్తూరులో నువ్వు వేళకు తింటున్నానని రాశావు, కానీ ఫోటోలో నీ మెడ ఎముకలు వేరే చెప్తున్నాయి. నాకు ఎవరి మాట నమ్మాలో తెలుసు.

అడిగినవాటికి వరసగా జవాబు చెప్తాను. ఫోనులో అయితే రెండు మాటలకే ఇద్దరికీ ఏడుపొస్తుంది, కాగితమే నయం. నా మోకాలు చలికి సతాయిస్తోంది. పసుపుకు ఈసారి మెట్‌పల్లిలో రేటు రాలేదు. మీ మామయ్య అక్కడి వ్యాపారి మీద కోపం తెచ్చుకొని నా పప్పుచారు మీద తీర్చుకున్నారు. సిరిసిల్లలో మీ నాన్నగారి కంటి ఆపరేషన్ బాగా జరిగింది. నీకు సెలవు దొరకలేదని ఈయనే వెళ్ళి నాలుగు రోజులు తోడున్నారు. కట్టు విప్పగానే మీ నాన్న ఈయన ముఖం చూసి "బావా, గింత ముసలోనివి ఎప్పుడైనవే" అన్నారట. వియ్యంకులిద్దరూ నవ్వుకున్నారట. ఈ ఇంట్లో నవ్వు వినబడక చాలాకాలమైంది, అక్కడైనా నవ్వారు.

ఇక అసలు ప్రశ్న. రేసు ట్రాక్ మీద నేనే నడుపుతాను, మన సాకేత్ కారు ఎందుకు పంపడం లేదని ప్రతి ఉత్తరంలో అడుగుతున్నావు. నాలుగు రోజుల పని మెకానిక్ పాషా రెండేళ్ళుగా ఎందుకు నానుస్తున్నాడని అడుగుతున్నావు. సామాను దొరకలేదనీ, పాషాకు తీరిక లేదనీ, వాడి భార్య నిఖత్‌కు కాన్పు అనీ రాస్తూ వచ్చాను. అందులో కాన్పు ఒక్కటే నిజం. ఆడపిల్ల పుట్టింది, ముద్దుగా ఉంది.

ఈ ఉత్తరం కారు డాష్‌బోర్డు అరలో పెట్టి పంపుతున్నాను. అంటే కారు వచ్చేసింది, చదువుతున్నావు. ఇప్పుడు చెప్పొచ్చు.

సాకేత్ ఆ తెల్ల ఎస్టీమ్ కారును లారీలో ఎక్కించి ఇక్కడికి తెచ్చినప్పుడు నేను తిట్టాను. అందరూ పవర్ స్టీరింగు కావాలని కొట్టుకుంటుంటే నువ్వు ఉన్నదాన్ని పీకించుకుంటావా, కోరి బరువు మోసుకుంటావా అన్నాను. వాడు నవ్వి, "అమ్మా, గీ మెత్తటి స్టీరింగుతోని రోడ్డు చేతికి తెలుస్తలేదమ్మా. ట్రాక్ మీద మలుపు తిప్పితే టైరు పట్టు ఎప్పుడు ఇడుస్తదో చేతికి తెల్వాలె" అన్నాడు. ఎక్కడెక్కడి మెకానిక్కులున్నా వాడికి చిన్నప్పటి దోస్తు పాషానే కావాలి. పాషా వచ్చి పైపులు విప్పాడో లేదో సాకేత్‌కు జ్వరం తగిలింది. ఆ తర్వాత సంగతి నీకు నేను చెప్పేదేముంది.

నీకు తెలియనిది వాడు పోయిన మూడో రోజు సంగతి. నువ్వు స్పృహలో లేవు, లోపల పడుకోబెట్టాం. చెలకలో విస్తరేసి వాడికి ఇష్టమైనవన్నీ పెట్టారు. మాంసం, సర్వపిండి, చల్లటి కూల్‌డ్రింకు. పిట్ట రాలేదు. పోయినవాళ్ళకు కోరిక మిగిలితే పిట్ట ముట్టదంటారు కదా, ఒక్కొక్కరూ ముందుకొచ్చి మాటిచ్చారు. మీ మామయ్య చేతులు జోడించి, "కొడుకా, నీ పెండ్లాన్ని కండ్లల్ల పెట్టుకొని జూసుకుంటం, ముట్టు కొడుకా" అన్నారు. కాకులు తుమ్మచెట్టు మీదే కూర్చున్నాయి. అమ్మను చూసుకుంటామన్నారు, పొలం అమ్మబోమన్నారు. ఊహూఁ. ఎండ నెత్తికెక్కింది. చివరికి వెనక నిలబడ్డ పాషా ఏడుస్తూ ముందుకొచ్చాడు. "ఓ సాకేత్! నీ స్టీరింగు పని నేను జేస్త. వేరెటోణ్ణి ముట్టనియ్య. నా జబాన్!" అన్నాడు. వాడి మాట పూర్తికాకముందే కాకి దిగి ముక్క ఎత్తుకుపోయింది.

నాకు ఒళ్ళు మండింది బిడ్డా. పెళ్ళామూ గుర్తు రాలేదు, తల్లీ గుర్తు రాలేదు, స్టీరింగు గుర్తొచ్చింది వెధవకు! ఆ కోపం తగ్గాక ఇంకో ఆలోచన వచ్చింది. కోరిక తీరితే వాడు వెళ్ళిపోతాడు. మరి తీరకపోతే?

అందుకే పాషా ఎప్పుడొచ్చినా ఏదో ఒకటి చెప్పి పంపేశాను. కారు ఉన్న పసుపు షెడ్డుకు తాళం వేసి తాళంచెవి కొంగుకు కట్టుకున్నాను. సాయంత్రం దీపం పెట్టాక వెళ్ళి ఆ కారులో కూర్చునేదాన్ని. నాకు కాళ్ళందవు కదా, సీటు ముందుకు జరుపుకొని స్టీరింగు మీద చేతులు పెట్టుకొని కూర్చునేదాన్ని. మరునాడు వెళ్ళేసరికి సీటు వెనక్కి పోయి ఉండేది, వాడి పొడుగు కాళ్ళకు ఎంత కావాలో అంత. మొదటిసారి గుండె ఆగినంత పనైంది. తర్వాత అలవాటైంది. అలవాటేమిటి, దానికోసమే పొద్దుగూకాలని చూసేదాన్ని. భయం లేదా అంటావేమో. కడుపున పుట్టినవాడికి ఎవరైనా భయపడతారా?

ఒకరోజు ఆగలేక మీ మామయ్యకు చెప్పాను. ఆయన తల వంచుకొని, "నేనే రమా. నువ్వు స్నానానికి పోంగనే తాళంచెవి తీసుకొని గా కారుల కూసుంటున్న. ఇంట్ల ఏం తోస్తలేదు. సీటు జరుపకుంటే నా మోకాళ్ళు పట్టయి" అన్నారు. అప్పుడు ఆయన్ని ఓదార్చాల్సింది పోయి, వాణ్ణి రెండోసారి చంపారని అరిచాను. పాపం, ఆ పూట అన్నం తినలేదు.

ఆ తర్వాతే ఆయన సిరిసిల్ల వెళ్ళారు. ఇంట్లో నేనొక్కదాన్నే. స్నానానికి పోయినప్పుడు కూడా తాళంచెవి మెళ్ళోనే వేసుకున్నాను. సాయంత్రం సీటు ముందుకు జరిపి కూర్చుని వచ్చాను. మరునాడు వెళ్ళి చూస్తే సీటు వెనక్కి ఉంది.

ఈ మాట మీ మామయ్యకు కూడా చెప్పలేదు. నీకే చెప్తున్నాను. మొదట సంతోషంతో ఏడ్చాను. వచ్చావా నాయనా అని ఆ సీటు నిమిరాను, చేతికి పసుపు దుమ్ము అంటింది. మళ్ళీ ముందుకు జరిపి వచ్చినా మూడో రోజు కూడా అంతే ఉంటే వాడి చిన్నతనం గుర్తొచ్చింది. వీడు చిన్నప్పుడు బస్సు ఆలస్యమైతే నిలబడలేక నడిచిపోయేవాడు. అన్నం ఉడికేదాకా ఆగలేక గిన్నె మూత పది మార్లు తీసేవాడు. ఎదురుచూడటం చేతకానివాణ్ణి రెండేళ్ళుగా చీకటి షెడ్డులో, సగం విప్పిన కారులో కూర్చోబెట్టాను. ఇది ప్రేమ ఎట్లా అవుతుంది? ఎవరైనా కొడుకును ఇట్లా బందీ చేస్తారా?

అప్పటికప్పుడు జగిత్యాలలో ఉన్న పాషాకు ఫోన్ చేశాను. వచ్చాడు, కానీ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "అమ్మా, పిట్ట సంగతి నాకు తెల్వది, మా మతంల లేదది. గాని జబాన్ సంగతి ఎరుకే. రెండేండ్ల సంది నన్ను మాట తప్పినోణ్ణి జేసిన్రు. కలలకొచ్చి వాడు అడుగుతుండు, ఏమైంది పాషా అని" అన్నాడు. నన్ను క్షమించరా అన్నాను. వాడు నా ముఖం చూడకుండా, "తాళం తియ్యుండ్రి" అన్నాడు.

పవర్ స్టీరింగు పంపు, బెల్టు తీసేశాడు. చాలామంది పైపులు రెండూ కలిపేసి అయిపోయిందంటారట. "గట్ల జేస్తే లోపల సన్న కడ్డీ మెలిపడి చేతిల లూజు ఒస్తది. వాడు ఒప్పుకోడు" అన్నాడు. మొత్తం విప్పి ఆ కడ్డీ కదలకుండా వెల్డింగు పెట్టించి, లోపలి సీలు తీసి మళ్ళీ బిగించాడు. టైర్ల కింద నిమ్మకాయలు నేనే పెట్టాను.

తర్వాత పాషాను పక్కన కూర్చోబెట్టుకొని నేనే నడిపాను. నవ్వకు, నాకు డ్రైవింగు నేర్పింది మీ ఆయనే. కారు నిలబడి ఉన్నప్పుడు స్టీరింగు తిప్పబోతే భుజాలు ఊడిపోయాయి. జగిత్యాల రోడ్డెక్కి వేగం అందుకోగానే ఆ బరువు దిగింది. రోడ్డు చేతుల్లోకి వచ్చింది ఇంద్రజా! గుంత తెలిసింది, వంతెన అతుకు తెలిసింది. రోడ్డు మీద ఎండబోసిన మక్కజొన్నల అంచు మీద టైరు ఎక్కితే గింజలు నా అరచేతిలో నలిగినట్టే అనిపించింది. వాడు నెత్తీనోరూ కొట్టుకొని చెప్పింది ఇదా అని అప్పుడర్థమైంది. వాడి చెయ్యి కూడా తగులుతుందేమోనని దారంతా చూశాను. రోడ్డు తప్ప ఇంకేమీ తగల్లేదు.

ఇంటికొచ్చి సీటు నాకు సరిపడా ముందుకే ఉంచి తాళం వేశాను. మీ మామయ్య ఇక షెడ్డులోకి పోనని నా మీద ఒట్టేశారు. మరునాడు పొద్దున్నే పరుగెత్తుకెళ్ళి చూశాను. సీటు పెట్టినచోటే ఉంది. లారీ వచ్చేదాకా రోజూ చూశాను. అట్లాగే ఉంది.

ట్రాక్ మీద జాగ్రత్త, హెల్మెట్ లేకుండా ఎక్కావో అక్కడికొచ్చి తంతాను. సీటు ఇప్పుడు ముందుకే ఉంది. నువ్వూ నా ఎత్తే కాబట్టి జరపాల్సిన పని ఉండదు. ఒకవేళ లారీ దిగేసరికే సీటు వెనక్కి జరిగి ఉంటే, లారీవాళ్ళు జరిపారనుకో, భయపడకు.

కానీ వాళ్ళను అడగకుండానే ముందు నాకు ఫోన్ చెయ్యి. ఏడ్చినా ఫరవాలేదు.

ఇట్లు,
ఫోను పక్కనే పెట్టుకొని కూర్చున్న నీ అత్తమ్మ,
రమాదేవి