ఇంటికి ఇన్వర్టర్ వచ్చిన రోజు

బుధవారం, రాత్రి

నేను సొంతంగా రాసుకుంటున్న ఆపరేటింగ్ సిస్టమ్‌లో నెలల తరబడి వేధించిన తప్పు ఈ ఉదయం దొరికింది. ఇన్నాళ్లూ ఒక్క ప్రోగ్రామ్ చెడితే కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయేది. ఇప్పుడు చెడినది మాత్రమే మూతపడుతోంది, మిగతావి నడుస్తున్నాయి. వంటింట్లో ఒక్కదాన్నే పైకి నవ్వేశాను.

ఆ సవరణ ఇంటర్నెట్‌లో పెట్టిన కాసేపటికే బెంగళూరు నుంచి సుజాతక్క ఫోన్ చేసింది. ఇలాంటివి రాసే మా బృందానికి ఆమే పెద్ద. “మా ఆఫీసులో ఇదే పని ఉంది. వచ్చేస్తావా?” అంది. ఆలోచించకుండా “వస్తానక్కా” అనేశాను.

సాయంత్రం మా ఆయన మైపాడు దగ్గరి రొయ్యల చెరువుల నుంచి వస్తూ ఆటోలో ఇన్వర్టర్ వేసుకొచ్చాడు.

“కరెంటు పోయినప్పుడల్లా నీ పని ఆగిపోతా ఉండాది గదా. ఇంక ఎంతసేపైనా ఇక్కణ్ణే కూర్చోని చేసుకో” అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. చెరువులు వదిలి ఆయన ఎక్కడికీ రాలేడు.

ఆయన వైర్లు బిగిస్తుంటే టార్చి పట్టుకుని నిలబడ్డాను.

“ఏందమ్మే, ఎట్టుండాది?”

“చానా బాగుండాది” అన్నాను.

ఎప్పుడు చేరాలో చెప్పడానికి పొద్దున అక్క మళ్లీ ఫోన్ చేస్తుంది. ఆయన ఇంట్లోనే ఉంటాడు...