మీ అమ్మ నుదుటి బొట్టు

రాజమ్మా,

పొద్దున్నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు. ఈ సంతోషం నీకు కాక ఇంకెవరికి చెప్పుకునేది? మీ అమ్మ ఫోటో దక్కింది.

నువ్వు పోయాక కురిసిన వానలకు గోడ చెమ్మెక్కి ఆ ఫోటోకు బూజు పట్టింది. నిన్న మదనపల్లె స్టూడియోకు తీసుకుపోయాను. స్టూడియో ఆయన దాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్లో శుభ్రం చేసి, కొత్త కాపీ ఇచ్చాడు. పుంగనూరు బస్సెక్కి కవరు తీసి చూశాను. బూజుతోపాటు బొట్టూ పోయింది. మీ నాయన పోయాక కుప్పంలో తీయించిన ఫోటో కదా, అందులో ఆమెది బోసి నుదురు. ఆమె కూడా పోయాక ప్రతి శుక్రవారం నువ్వు నీ వేలితో పెడుతూ వచ్చిన కుంకుమే ఆ కాగితంలోకి ఇంకింది.

కదలబోతున్న బస్సు దిగి వెనక్కి పరిగెత్తాను.

"అప్పా, ఆ ఎర్రది యాల తీసేస్తివి?"

"అది మరక కదా, పెద్దాయనా?"

"మరక కాదప్పా, నా పెండ్లాం పెట్టిన బొట్టు. మళ్లా పెట్టు."

"గుండ్రంగా కొత్తది పెడతా సూడు, బాగుంటాది."

"నీది వద్దు. ఆ వంకరదే కావాల."

ఆయన నవ్వి, స్కాన్‌లో ఉన్నదాన్నే తెచ్చి పెట్టాడు.

ఇప్పుడు మీ అమ్మ నీ ఫోటో పక్కనే ఉంది. కూర్చుంటాను, లేస్తాను, మళ్లీ వెళ్లి చూస్తాను. ఈరోజు శుక్రవారం. కుంకుమ భరిణె తీసి నీకు బొట్టు పెట్టాను. మీ అమ్మకు నువ్వు పెట్టిందే ఉంది కదా, నేను చెయ్యి పెట్టలేదు.