చెల్లి నడిపే గూడ్సుకు అమ్మ పెట్టిన కోడ్

నాయనా,

తమరు లేనందున తెలియజేయవలసి వచ్చిన విషయమేమనగా, చెల్లి ఈరోజు మొదటిసారి తానే డ్రైవరుగా కాజీపేట నుంచి గూడ్సు బండి తీసుకెళ్లింది. డ్యూటీలో ఫోను ఆపాలన్నది నియమం. ఇంటికి రావలసిన వేళ దాటిపోయింది. కంగారు పడరాదని అమ్మకు మౌఖిక ఆదేశమిచ్చాను, అమలు కాలేదు.

"ఆ బండి పేరేందిరా?"

"గూడ్సుకు పేరుండదమ్మా, ఇప్పుడన్నీ నెంబర్లే."

"మీ నాయన కంట్రోల్ ఆఫీసుల ఉన్నప్పుడు బయల్దేరే ఊరు, చేరే ఊరు కలిపి కోడ్ పెడుతుండె. ఏడికి పోతుందో నాక్కూడ ఎరుకయ్యేది. గీ నెంబరుతోని నేనేం జెయ్యాలె?"

కోడ్ జారీచేసే అధికారం అమ్మే స్వీకరించి, ఆ బండికి 'కాజీపేట–ఎల్బీనగర్' అని ప్రకటించింది. మన ఇల్లున్న ఎల్బీనగర్‌కు మెట్రో తప్ప గూడ్సు లైను లేదన్న అభ్యంతరాన్ని నేను దాఖలు చేయలేదు.