పేజీకి ఒక తప్పు

అబ్బాయ్,

మీ అన్నయ్యకు చూపు పోయిన దగ్గర్నుంచి పుస్తకాలు చదివి వినిపించింది నేనే. హంతకుడెవరో తేలబోతుంటే చదవడం ఆపేసి "వంట పనుంది, మిగతాది రేపు" అనేదాన్ని. పాపం, నా వెనకాలే తిరిగేవారు.

నువ్వేమో అచ్చు అక్షరాలను బ్రెయిలీ చుక్కలుగా మార్చే సాఫ్ట్‌వేర్ తయారుచేసి నా కొంప ముంచావు. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుని, కాగితం మీద వేళ్లు నడుపుతూ తనలో తానే నవ్వుకుంటారు. ఏమిటని అడిగితే "ఉండవే, కథ మంచి పట్టు మీదుంది" అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

మొదట్లోనే నయం. నీ సాఫ్ట్‌వేర్ పేజీ నిండా తప్పులు చేసేది. "ఇదేం మాటో అసలు పుస్తకంలో చూసి చెప్పవే" అంటూ వంటింట్లోకి వచ్చేవారు. ఆ తప్పులన్నీ ఏరి నీకు పంపిందీ ఆయనే. నువ్వు అన్నీ దిద్దేశావు. ఆ తర్వాత వంటింటి గడప తొక్కితే ఒట్టు.

అందుకే అడుగుతున్నాను, పేజీకి ఒక్క తప్పైనా ఉండనివ్వు.

నిన్న మాత్రం కాగితం పట్టుకుని వచ్చారు. "ఎంత తడిమినా ఈ మాట అంతు చిక్కడం లేదే" అన్నారు. పుస్తకం తీసి చూస్తే అక్కడున్నది "టీ". పొయ్యి మీద అదే మరుగుతోంది. ఇద్దరికీ పోశాను.

ఈ తప్పు సంగతి ఆయన నీకు చెప్పరులే. నువ్వు కూడా వెతక్కు.

మీ వదిన